‘పాసౌట్ అయ్యా’ అంటే ఆయనెందుకు కంగారుపడ్డాడు?

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. 2022లో బీటెక్ అయిపోయింది, ఆ తర్వాత విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో చేస్తున్నా. పోయిన నెల ఒక అమెరికా కంపెనీకి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ ఇచ్చా. నీ గురించి చెప్పమ్మా అంటే ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అన్నా. ఆయన మొహం ఒక్కసారిగా మారిపోయింది, ‘ఓ నో, ఆర్ యూ ఓకే నౌ?’ అన్నాడు. నాకు అర్థంకాక ‘యెస్ సర్, ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్’ అన్నా. ఆయన కాసేపు చూసి వేరే ప్రశ్నకి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి మా కజిన్‌కి చెప్తే పడీపడీ నవ్వింది, పాస్డ్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడమంట. రెండు వారాలైంది, రిప్లై లేదు. మా లెక్చరర్లందరూ అదే మాట అనేవాళ్ళు, వాకిన్ యాడ్స్‌లో కూడా అదే మాట ఉంటుంది. మనందరి ఇంగ్లీషూ తప్పేనా? దీనివల్లే ఉద్యోగం పోయిందా? 500 ఫ్రేజల్ వెర్బ్స్ (పాస్ అవుట్ లాగా, క్రియ పక్కన చిన్న ముక్క చేరి అర్థం మారిపోయే మాటలు) ఉన్న పీడీఎఫ్ ఒకటి డౌన్‌లోడ్ చేశా, రోజుకి పాతిక చొప్పున బట్టీ పట్టేద్దామనుకుంటున్నా. పట్టనా?

సమాధానం: అమ్మా, మాస్టారూ అని పిలిచావు గనక నువ్వనే అంటా, ఏమనుకోకు. నీ ఉత్తరం రెండుసార్లు చదివా. ముందు ఆ పీడీఎఫ్ పక్కన పెట్టు, దాని సంగతి చివర్లో చెప్తా. మీ కజిన్ నవ్విందని మనసులో పెట్టుకోకు, తను చెప్పిన అర్థం కరెక్టే గానీ అదొక్కటే అర్థం అనుకోవడం కరెక్ట్ కాదు.

మన గుంటూరు, కృష్ణా వైపు ఎవరన్నా వచ్చి మీ నాన్నగారున్నారా అనడిగితే ఏమంటాం, ‘ఇంట్లో లేరండీ, ఊరెళ్ళారు’ అంటాం. ‘పోయారు’ అని పొరపాటున కూడా అనం, ఆ మాట మనకి చావు మాట. అదే తెలంగాణలో, సీమలో ‘మా నాయన పొద్దున్నే పోయినాడు’ అంటే పొలానికో ఆఫీసుకో వెళ్ళాడని, అంతకుమించి ఇంకేం లేదు. నా దగ్గర చదువుకున్న తెనాలి అమ్మాయి ఒకతె కరీంనగర్ కోడలిగా వెళ్ళింది, పెళ్ళైన వారం రోజులకి నిద్ర లేచి వచ్చి మావయ్యగారేరీ అత్తయ్యా అంటే ఆవిడ చేతిలో పని ఆపకుండానే ‘పొద్దుగాల్నే పోయిండు’ అందంట, ఈ పిల్లకి గుండె గుభేల్‌మంది, మనిషి నిలబడిపోయింది. ఆవిడ తెలుగు తప్పా? కాదు. ఈ పిల్ల తెలుగు తప్పా? అదీ కాదు. పాస్డ్ అవుట్ సంగతి కూడా అచ్చంగా ఇదే. నువ్వు మన ఇలాకా మాట తీసుకెళ్ళి ఆ మాటకి వేరే అర్థం ఉన్న ఊళ్ళో అన్నావు, ఆయన ఆ పిల్లలాగే నిలబడిపోయాడు.

ఇప్పుడు అర్థాల్లోకి వద్దాం. అమెరికాలో అయినా ఇంగ్లండ్‌లో అయినా మామూలు మనిషికి పాస్ అవుట్ అనగానే ముందు తట్టేది స్పృహ తప్పడమే. మన మే నెల ఎండలు తెలుసుగా, విజయవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు, మధ్యాహ్నం రెండింటప్పుడు బస్టాండులో గుంటూరు బస్సు కోసం నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి తూలి, చేతిలో సంచీ జారిపోయి, కూలబడిపోతాడు చూడు, పక్కనున్నవాళ్ళు మొహాన నీళ్ళు కొట్టి నిమ్మసోడా తాగిస్తారు, అది పాస్ అవుట్. హీ పాస్డ్ అవుట్ ఇన్ ద హీట్. మనం కళ్ళు తిరిగి పడిపోయాడు అంటాం, సొమ్మసిల్లాడు అంటాం. ఫుల్లుగా తాగి ఎక్కడివాడక్కడ పడిపోయినా అదే మాట, రెండు రాత్రుళ్ళు నిద్రలేకుండా పనిచేసి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో పడి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయినా అదే మాట. ఫెయింట్ అనే మాట కూడా ఉంది, అది నీరసానికో భయానికో రక్తం చూసో పడిపోయినప్పుడు ఎక్కువ వాడతారు, తాగి పడిపోయినోణ్ణి ఫెయింటెడ్ అనరు.

ఇక్కడ మనవాళ్ళు చేసే ఇంకో పొరపాటు చెప్పకుండా ఉండలేను. తెలుగులో ‘పడిపోయాడు’ అంటే కాలు జారి పడ్డా అదే, కళ్ళు తిరిగి పడ్డా అదే. అందుకని ఇంగ్లీషులో కూడా రెంటికీ ‘ఫెల్ డౌన్’ అనేస్తాం. డాక్టరుకి ఈ రెండూ బొత్తిగా వేరే విషయాలు, జారి పడితే దెబ్బ ఎక్కడ తగిలిందో చూస్తాడు, స్పృహ తప్పి పడితే బీపీ, షుగర్, గుండె చూస్తాడు. పడ్డ మనిషికి స్పృహ పోయిందా లేదా అన్నది వాళ్ళు ముందుగా తేల్చుకునే విషయాల్లో ఒకటి. గుంటూరు నుంచి నర్సింగ్ చేసి లండన్ వైపు వెళ్ళాలనుకునే పిల్లలు నా దగ్గరకి వస్తుంటారు, వాళ్ళకి మొదటి వారంలోనే ఈ తేడా చెప్తా, ఎందుకంటే అక్కడ ఫెల్ డౌన్ అని రాసి ఊరుకుంటే దాని వెనకాల ఒక మనిషి ప్రాణం ఉంటుంది.

నాకీ మాట మీద ఇంత పట్టింపు ఎందుకో కూడా చెప్తా. మేం పటమటలో ఉన్నప్పుడు పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దాయన, ఆవిడ, ఇద్దరే ఉండేవాళ్ళు, ఒక్కగానొక్క కొడుకు డల్లాస్‌లో. ఒక ఆదివారం తెల్లారుజామున ఐదున్నరకి మా తలుపు దబదబా బాదారు. తీస్తే ఆయన, బనీను మీదే ఉన్నాడు, చేతిలో ఫోన్ లైన్‌లోనే ఉంది, నోట మాట రావట్లేదు. లోపల్నించి ఆవిడ ఏడుపు వినిపిస్తోంది, అది మామూలు ఏడుపు కాదు. ఏమైందండీ అంటే ‘పాస్డ్ అంటున్నాడయ్యా’ అన్నాడు. నా కాళ్ళు కూడా చల్లబడిపోయాయి. ఫోన్ తీసుకున్నా. అవతల ఆ అబ్బాయి రూమ్మేట్, తెలుగు రానివాడు, పాపం ఇక్కడి ఏడుపు వినిపించి అతనూ కంగారుపడి మళ్ళీ మళ్ళీ అదే మాట అంటున్నాడు, హీ పాస్డ్ అవుట్, హీ పాస్డ్ అవుట్ అంకుల్. నేను నెమ్మదిగా ‘ఈజ్ హీ కాన్షస్ నౌ?’ అనడిగా. యెస్ యెస్, హీ ఈజ్ టాకింగ్ అన్నాడు. జరిగిందేంటంటే ఎండలో క్రికెట్ ఆడి, నీళ్ళు సరిగ్గా తాగక, గ్రౌండ్‌లో కళ్ళు తిరిగి పడిపోయాడు, హాస్పిటల్‌కి తీసుకెళ్ళి సెలైన్ పెట్టారు, అంతే. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ‘అమ్మా’ అని ఆ అబ్బాయి గొంతు వినిపించేదాకా ఆవిడ ఏడుపు ఆగలేదు, విన్నాక ఇంకా ఎక్కువ ఏడ్చింది.

ఆయన చదువుకోనివాడేం కాదు, ముప్పై ఏళ్ళు గవర్నమెంటు ఉద్యోగం చేశాడు, ఇంగ్లీషులో ఫైళ్ళు రాశాడు. కానీ ఆయన రోజూ చూసేది వాట్సాప్‌లో ‘పాస్డ్ అవే’ అన్న కబుర్లు, ఆ వయసులో తోటివాళ్ళ గురించి వచ్చేవి అవే కదా, అందుకని పాస్డ్ వరకే చెవికెక్కింది, పక్కన అవుట్ ఉందో అవే ఉందో వినే ఓపిక ఆ టైంలో ఏ తండ్రికి ఉంటుంది. పాస్డ్ అవే అంటే పోయారు, చనిపోయారు. పాస్డ్ అవుట్ అంటే స్పృహ తప్పింది, మళ్ళీ లేస్తాడు. వెనకాల తగిలించిన చిన్న ముక్క ఒక్కటే తేడా. అందుకే నా క్లాసులో ఆ చిన్న ముక్కనే గట్టిగా పలకమంటా. ఇంగ్లీషువాళ్ళూ అలానే పలుకుతారు, ఒత్తు పాస్డ్ మీద ఉండదు, అవుట్ మీద ఉంటుంది. ఇంకోటి, ఆ పాస్డ్‌ని వాళ్ళు పలికేది చివర ‘ట’ శబ్దంతో, ‘పాస్ట్’ లాగా, రెండూ కలిపి ‘పాస్టౌట్’ అన్నట్టు వినిపిస్తుంది. మనం డ పూర్తిగా మింగేసి పాసౌట్ అంటాం.

ఆ పాసౌట్ గురించే ఇప్పుడు. నీ ప్రశ్న అసలు ఇదే కదా, లెక్చరర్లు, యాడ్స్, అందరూ తప్పేనా అని. మన దేశంలో చదువు పూర్తిచేసి బయటికి రావడాన్ని పాస్డ్ అవుట్ అనడం ఎన్నో ఏళ్ళుగా ఉన్న వాడుక, అది మన ఇంగ్లీషు, దాన్ని తప్పని నేననను. ఇంకా చెప్పాలంటే అది తెలుగే అయిపోయింది. పెళ్ళిలో ఎవరో పెద్దాయన పక్కన కూర్చుని ‘ఏ ఇయర్ పాసౌట్ బాబూ’ అంటాడు, మనం ‘ఇరవై రెండు పాసౌట్ అండీ’ అంటాం, అక్కడ అది నామవాచకం. ఇలాంటి మాటలు మన దగ్గర ఇంకా ఉన్నాయి, ముందుకి జరపడాన్ని ప్రీపోన్ అంటాం, ఆ మాట ఇక్కడే బాగా వాడుకలో ఉండి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీల్లోకి కూడా ఎక్కింది. కాబట్టి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇంటర్వ్యూ అయితే పాస్డ్ అవుట్ అను, ఎవరూ కంగారుపడరు.

ఇంగ్లండ్‌లో కూడా చదువు పూర్తవడానికి ఈ మాట వాడతారు, కాకపోతే మిలిటరీ, పోలీసు ట్రైనింగుల వరకే. పేపర్లో చూస్తుంటాం కదా, కానిస్టేబుళ్ళ పాసింగ్ అవుట్ పరేడ్ అని, అదే. డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932లో పెట్టారు, ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో అక్కడ పాసింగ్ అవుట్ పరేడ్ జరుగుతుంది, కేడెట్లు చెట్‌వుడ్ బిల్డింగ్ మెట్లెక్కి ఒక గీత దాటతారు, ఆ ఆఖరి అడుగుని అంతిమ్ పగ్ అంటారు, అది దాటితే ఆఫీసర్లు. అకాడమీలోంచి నడుచుకుంటూ బయటికి పోతారు, పాస్ అవుట్, ఆ బొమ్మ కళ్ళముందు ఉంటే మాటెందుకు అలా ఉందో వెంటనే అర్థమౌతుంది. అమెరికావాడికి ఈ వాడుక పెద్దగా తెలీదు. నీకు ఇంటర్వ్యూ చేసినాయన అమెరికావాడు, అతనికి 2022లో ఈ పిల్ల స్పృహ తప్పి పడిపోయిందంట అనే వినిపించింది, అందుకే ఇప్పుడు బాగానే ఉన్నావా అన్నాడు. నాకైతే అతను మంచివాడిలాగే అనిపించాడు.

అమెరికావాళ్ళకి దీనికి ఇంకో అర్థం కూడా ఉంది, పంచిపెట్టడం. టీచర్ పేపర్ల కట్ట ఒక పిల్లాడికిచ్చి ‘ప్లీజ్ పాస్ అవుట్ ద పేపర్స్’ అంటుంది, అందరికీ పంచమని. ఇంగ్లండ్‌వాళ్ళు ఎక్కువగా హ్యాండ్ అవుట్ అంటారు. ఈ అర్థంలో మాటని విడగొట్టొచ్చు, పాస్ ద పేపర్స్ అవుట్ అన్నా ఓకే, కానీ పేపర్స్ బదులు దెమ్ వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి, పాస్ దెమ్ అవుట్. పాస్ అవుట్ దెమ్ అంటే తప్పు. స్పృహ తప్పడం అనే అర్థంలో అయితే మధ్యలోగానీ తర్వాతగానీ ఏ వస్తువూ రాదు, మనిషి పడిపోయాడు అంతే, దేన్నీ పడిపోడు కదా. అందుకే చాలామంది అనే ‘ఐ పాస్డ్ అవుట్ బీటెక్’ మాత్రం ఎక్కడా నిలబడదు, ఇక్కడా అక్కడా రెండుచోట్లా తప్పే. ఆ వాక్యం ఈ రోజే మానెయ్.

మరి ఏమనాలి? సింపుల్‌గా ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022’. కాలేజీ పేరు చెప్పాలంటే గ్రాడ్యుయేటెడ్ పక్కన ఫ్రమ్ పడాలి. డిగ్రీ పేరు చెప్పాలంటే ‘ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2022’ అను. ఇక్కడ జాగ్రత్త, మనకి హ్యావ్ పెట్టడం మహా అలవాటు, ఐ హ్యావ్ కంప్లీటెడ్ ఇన్ 2022 అనేస్తాం, హ్యావ్ పెడితే గొప్పగా ఉంటుందనుకుంటాం. అయిపోయిన సంవత్సరం పేరు చెప్తున్నప్పుడు హ్యావ్ రాకూడదు, కావాలంటే ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్’ అని ఊరుకో, సంవత్సరం చెప్పకు. ఇంటర్మీడియెట్ అన్నా వాళ్ళకి తెలీదు, ట్వెల్త్ గ్రేడ్ అంటే తెలుస్తుంది. బ్యాక్‌లాగ్ అన్నా మనం అనే అర్థం వాళ్ళకి రాదు, చెయ్యాల్సిన పని పేరుకుపోయిందనుకుంటారు. మన కుర్రాళ్ళు సబ్జెక్ట్ పోయింది అంటారు చూడు, దాన్ని అక్కడ ‘ఐ ఫెయిల్డ్ ఎ కోర్స్ అండ్ పాస్డ్ ఇట్ లేటర్’ అని విడమర్చి చెప్పాలి, అందులో సిగ్గుపడేదేం లేదు.

ఒకవేళ అలవాటు కొద్దీ మళ్ళీ నోరుజారి పాస్డ్ అవుట్ అనేశావే అనుకో, అవతలాయన మొహం మారింది, ఏం చేస్తావ్? నవ్వుతూ ‘సారీ, ఇన్ ఇండియా వీ సే పాస్డ్ అవుట్ ఫర్ గ్రాడ్యుయేటింగ్. ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022’ అను. పది సెకన్ల పని. మొన్న నీకు దెబ్బ తగిలింది పాస్డ్ అవుట్ దగ్గర కాదని నా అభిప్రాయం, ఆ తర్వాత మాట దగ్గర. ఆయన ఆర్ యూ ఓకే అనడిగితే నీకు అర్థంకాలేదు, అర్థంకాలేదని చెప్పకుండా ఏదో ఒకటి చెప్పేశావు. మనకి చిన్నప్పట్నుంచి అలవాటైపోయింది, సార్ అడిగితే వెంటనే సమాధానం చెప్పాలి, మళ్ళీ అడిగితే తెలివితక్కువవాళ్ళమనుకుంటారని భయం. అక్కడ ‘సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?’ అంటే ఎవరూ తక్కువగా చూడరు, ఇంకా శ్రద్ధగా వింటున్నావనుకుంటారు. ఇది నువ్వు పాతిక ఫ్రేజల్ వెర్బ్స్ కన్నా ముందు నేర్చుకోవాల్సిన వాక్యం తల్లీ.

ఇక పీడీఎఫ్. వద్దు. పీడీఎఫ్ చెడ్డదని కాదు, రోజుకి పాతిక బట్టీ పడితే పది రోజులయ్యేసరికి పాస్ అవుట్, పాస్ అవే, పాస్ ఆన్, పాస్ అప్, పాస్ ఆఫ్ అన్నీ కలిసి పులగం అయిపోతాయి, సరిగ్గా నోరు తెరిచే టైంకి ఒకటి బదులు ఇంకోటి వస్తుంది. మన భాష మనకెలా వచ్చిందో ఒక్కసారి ఆలోచించు. కళ్ళు తిరగడం, కడుపులో తిప్పడం, ఊరు తిరగడం, అప్పులవాళ్ళ చుట్టూ తిరగడం, పాలు విరగడం, మనసు విరగడం, ఇవన్నీ ఎవరన్నా మనకి లిస్టు రాసిచ్చి నేర్పారా? అమ్మ వంటింట్లో గిన్నె దించుతూ ‘అయ్యో పాలు విరిగినయ్యే’ అంది, ఆ వాసన, ఆ గిన్నె, ఆ మొహం అన్నీ కలిపి మాట లోపలికి పోయింది. తెలుగు నేర్చుకునే విదేశీయుడెవడైనా కళ్ళు తిరిగాయి అని వింటే గుడ్లు గిర్రున తిరిగాయా అనే అనుకుంటాడు, అతని తప్పు కాదు. ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బ్ దగ్గర మనం ఆ విదేశీయుడి స్థానంలో ఉన్నాం, అంతే.

అందుకని వారానికి మూడో నాలుగో చాలు, ఒక్కోదానికి నీ సొంత జీవితంలోంచి ఒక సంఘటన తగిలించు, ఊహించింది వద్దు, నిజంగా జరిగింది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులున్నాయి కదా, ఆఫీసు అయ్యాక ఒక సాయంత్రం వెళ్ళి పిల్లలు చదివే ఇంగ్లీషు కథల పుస్తకం ఒకటి బేరమాడి కొనుక్కో, అందులో మాట కనపడ్డచోట పెన్సిల్‌తో గీత పెట్టు, ఆ పక్కన నీ వాక్యం రాయి. ‘మై గ్రాండ్‌మదర్ పాస్డ్ ఆన్ హర్ రెసిపీస్ టు మై మదర్’, మా అమ్మమ్మ తన వంటలు మా అమ్మకి అప్పజెప్పింది. ‘ఐ పాస్డ్ అప్ ఎ జాబ్ ఇన్ చెన్నై’, చెన్నైలో వచ్చిన ఉద్యోగం వదులుకున్నా. ఇలా నీ మనుషులు, నీ ఊళ్ళు ఉండాలి. రాసిందాన్ని పైకి చదువు, మనసులో కాదు. ఇంట్లోవాళ్ళు విచిత్రంగా చూస్తారు, చూడనీ.

ఉద్యోగం సంగతి. దీనివల్లే పోయిందని అనుకోకు. ఒక్క మాటకి ఉద్యోగం తీసేసే కంపెనీలు తక్కువ, పైగా రెండు వారాలు రిప్లై రాకపోవడం అంటే పోయినట్టు లెక్క కాదు. ఊరుకోకుండా ఒక మెయిల్ పెట్టు. దానికి కూడా ఒక ఫ్రేజల్ వెర్బే ఉంది చూడు, ఫాలో అప్. ‘ఐ యామ్ రైటింగ్ టు ఫాలో అప్ ఆన్ మై ఇంటర్వ్యూ’ అని మొదలుపెట్టి ఏ తేదీన జరిగిందో రాయి. రెండో వాక్యంలో ఆ ఉద్యోగం మీద నీకింకా ఇష్టం ఉందని రాయి. మూడోది ఇదీ: ‘వెన్ ఐ సెడ్ ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022, ఐ మెంట్ దట్ ఐ గ్రాడ్యుయేటెడ్, థాంక్యూ ఫర్ ఆస్కింగ్ ఇఫ్ ఐ వాజ్ ఓకే.’ సంజాయిషీలు, క్షమాపణలు ఏమీ వద్దు, అంతటితో ఆపు. చదివిన మనిషికి ఆ రోజు తను ఎందుకు కంగారుపడ్డాడో అర్థమౌతుంది, నీ మొహం కూడా గుర్తొస్తుంది. అమెరికా వాళ్ళకి పొద్దున్నే కనపడాలంటే మనకి సోమవారం సాయంత్రం ఆరు, ఏడింటప్పుడు పంపు. పంపేముందు కావాలంటే నాకు చూపించు, కామాలు ఫుల్‌స్టాప్‌లు నేను చూసిపెడతా.